గొంతులను వినపడనివ్వండి

సంపాదకునికి,

ఇరవై ఏళ్లుగా చర్చి క్వయర్‌లో పాడుతున్నాను. ఈమధ్య కీబోర్డు, ప్యాడ్స్ హోరులో మా గొంతులు మాకే వినపడటం లేదు.

ఇంగ్లండ్‌లో 1973లో పీటర్ ఫిలిప్స్ మొదలుపెట్టిన టాలిస్ స్కాలర్స్ బృందం వాయిద్యాలు లేకుండానే 16వ శతాబ్దపు పాటలు పాడుతుంది. ఆ కాలపు ఇంగ్లండ్ స్వరకర్త థామస్ టాలిస్ కూర్చిన ఒక కీర్తనకు 40 గొంతులు కావాలి. ఐదేసి గొంతుల చొప్పున ఎనిమిది బృందాలు, ఎవరి వరుస వారిదే! ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ వచ్చి, అందరూ ఒక్కసారిగా కలిసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

అంతమంది లేకపోయినా పర్వాలేదు. అక్కడ క్యాథలిక్ ఆరాధనపై నిషేధం ఉన్న రోజుల్లో విలియం బర్డ్ అనే స్వరకర్త మూడు, నాలుగు, ఐదు గొంతులకు ఆరాధన సంగీతం రాశాడు. ఇళ్లలో చాటుగా పాడుకునేవారు.

పాస్టర్‌గార్లకు నా మనవి: నెలకు ఒక్క ఆదివారమైనా వాయిద్యాలు పక్కనపెట్టి మమ్మల్ని నాలుగు గొంతుల్లో పాడనివ్వండి.

– ఒక పాఠకురాలు, గుంటూరు