మంత్రిగారూ, రివ్యూలో ముందు ఏఈని మాట్లాడనివ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మార్కాపురం నుంచి రాస్తున్నాను. ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి, డీఈగా, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యాను. ఎక్కువ కాలం కాలువల మీద, కొన్నేళ్లు డిప్యుటేషన్ మీద తాగునీటి పథకాల్లో పనిచేశాను. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ వరద నీళ్లను సొరంగాల్లో మా వైపు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996 మార్చి 5న శంకుస్థాపన జరిగేనాటికి నాకు కొత్తగా పెళ్లయింది. ఇప్పుడు నా మనవడు బడికి పోతున్నాడు. వాడి సంచిలో పెట్టే సీసాలోకి ఈ రోజుకీ క్యాను నీళ్లే పోస్తున్నాం.

ఈ లేఖ నిధుల కోసం కాదు. నిధులు అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, అడగాలి కూడా. ఏ పార్టీ ఎక్కువ చేసింది, ఏది తక్కువ చేసిందన్న లెక్క కోసమూ కాదు. ఈ ముప్పై ఏళ్లలో అందరూ ఏలారు. నేను రాస్తున్నది రివ్యూ రోజున మీ ముందు పెట్టే కాగితం గురించి. అందులో పనుల పురోగతి అని ఒక గడి, ఆ గడిలో ఒక శాతం ఉంటాయి. సర్వీసంతా ఆ గడి నింపినవాణ్ణి. ఆ అంకె మీకు ఏం చెప్పదో నాకు బాగా తెలుసు.

ఒక తాగునీటి పథకం సంగతి చెప్తాను. ఊళ్ల పేర్లూ ఆఫీసు పేరూ రాయను. పైపులు వేశాం, ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టాం, మోటార్లు బిగించాం. మధ్యలో ఒకచోట పైపు రైలు పట్టాల కింద నుంచి దాటాలి. దానికి డ్రాయింగులు పంపి, డబ్బు కట్టి, అనుమతి తెచ్చుకోవాలి. ఆ పని ఎవరిదో తేలక ఫైలే పుట్టలేదు. నేను మాత్రం నెలనెలా శాతం రాస్తూ పోయాను. 86, తర్వాత 89, తర్వాత 92. పొడవులో లెక్కేస్తే ఆ దాటాల్సిన ముక్క మొత్తంలో అర శాతం కూడా రాదు. అంకె తప్పు కాదు. ఊళ్లకు చేరిన నీళ్లు మాత్రం ఒక్క బిందె లేవు.

రివ్యూలో పెద్దాఫీసరు గారు 92 చూసి మెచ్చుకున్నారు. నాకు మాట నోటిదాకా వచ్చింది. పక్కనే కూర్చున్న డీఈ గారు నా మోకాలి మీద చెయ్యేసి నొక్కారు. ఆగిపోయాను. ఆయన చెడ్డవారు కారు. అంతకు అరగంట ముందు, తన పని ఆగిపోయిందని ఉన్నదున్నట్టు చెప్పిన ఇంకో ఇంజనీరుకు మెమో ఇమ్మని పెద్దాఫీసరు గారు అందరి ముందే అన్నారు. మేమిద్దరం అది చూశాం. ఆ పైపు పట్టాలు దాటడానికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది. అంటే రెండు వేసవులు. అక్కడి బోర్లలో ఫ్లోరైడు. ట్యాంకరు వచ్చే వేళకు ఆడవాళ్లు బిందెలు వరస పెట్టుకుని ఎండలో నిలబడేవాళ్లు. నేను జీపులో ఆ దారినే పోయేవాణ్ణి. ఆ రోజు నోరు విప్పి ఉంటే ఒక వేసవైనా మిగిలేదని ఇప్పటికీ అనుకుంటాను.

పనులు చెడేది తెలియక కాదు సార్. కింద తెలుసు. పైకి పోయే ప్రతి మెట్టు మీదా ఆ తెలిసినది కొంచెం కొంచెం మెత్తబడుతుంది. ఏఈ 'ఆగిపోయింది' అంటాడు. డీఈ 'కొంత జాప్యం' అని రాస్తారు. ఆ పైన ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) దగ్గర అది 'చర్యలు తీసుకుంటున్నాం' అవుతుంది. ఇంకా పైన ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) సంతకం అయ్యేసరికి 'పురోగతిలో ఉంది' అయిపోతుంది. ఎవరూ అబద్ధమాడలేదు. కానీ మీ టేబుల్ మీదికి వచ్చేసరికి నిజం మిగల్లేదు.

ఇది మన శాఖకే పట్టిన జబ్బు కాదు. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ వ్యోమనౌక ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైంది. ఏడుగురు చనిపోయారు. చలికి రబ్బరు రింగులు బిగుసుకుపోయి అతుకుల్లో సరిగా ఒదగవని, ప్రయోగం వద్దని, రాకెట్టు చేసిన కంపెనీ ఇంజనీర్లు ముందు రోజు రాత్రే మొత్తుకున్నారు. వాళ్ల మేనేజర్లే ఆ మాట వెనక్కి తీసుకుని ప్రయోగానికి సరేనన్నారు. విచారణ సంఘంలో కూర్చున్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ తన నివేదికలో రాసింది చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నౌకను పోగొట్టుకునే ప్రమాదం ఎంత అన్నదానికి, పనిలో ఉన్న ఇంజనీర్ల అంచనా నూటికి ఒకటి. యాజమాన్యం అంచనా లక్షకు ఒకటి. ఒకే సంస్థ, ఒకే యంత్రం. రెండు అంతస్తుల మధ్య వెయ్యి రెట్ల తేడా.

మా అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీములు నడుపుతాడు. వాడు చెప్పేదీ ఇలాగే ఉంటుంది. కొత్త ప్రోగ్రాం రాయడం అయిపోయిందని రిపోర్టు పోతుందట, కస్టమరు పాత లెక్కలన్నీ అందులోకి ఎక్కించే పని ఎవరిదో మాత్రం ఎవరూ రాసుకోరట.

ఇక వెలిగొండ. అక్కడ నేను పనిచేయలేదు, బయటినుంచి చూస్తూ వచ్చినవాణ్ణే. పులులు తిరిగే నల్లమల అడుగున, ఒక్కోటి 18.8 కిలోమీటర్ల పొడవున, రెండు సొరంగాలు తవ్వారు. రెండోదాంట్లో తవ్వే యంత్రం మొరాయిస్తే మనుషులతో తవ్వించారు. అంత కష్టమైన పని మనవాళ్లు చేసి చూపించారు. ఆ కూలీలకూ ఇంజనీర్లకూ చేతులెత్తి మొక్కుతాను. 2024 మార్చి 6న జాతికి అంకితమూ అయింది. ఆ ఏడు కృష్ణకు వరద వచ్చింది, శ్రీశైలం గేట్లెత్తారు, నీళ్లు కిందికి పోయాయి. మరుసటి ఏడూ అంతే. సొరంగాల నీళ్లు నిల్వ చేయాల్సిన నల్లమల సాగర్ జలాశయం మాత్రం నిండలేదు. ఏనుగు వెళ్లింది, తోక చిక్కింది.

తోక ఎందుకు చిక్కిందంటే, సొరంగానికి మంచి ఇంజనీర్లను వేశారు, పెద్దలు వచ్చి చూశారు, పేపర్లలో ఫొటోలు పడ్డాయి. సొరంగం నీళ్లను జలాశయానికి చేర్చే ఫీడరు కాలువ ఒకరిది, భూసేకరణ రెవెన్యూ వారిది, అడవి అనుమతులు అటవీ శాఖవి, పునరావాసం ఇంకో కుర్చీది. ఎవరి శాతం వాళ్లది. అన్నీ కలిపి నీటిచుక్కకు జవాబు చెప్పే మనిషి ఎవరని అడిగితే, నాకు పేరు తోచదు.

ఇంకోటి. ఈ పనికి కాలం నెలల్లో కొలిస్తే మోసపోతాం. రెండు సొరంగాలూ కలిపి సుమారు 11,500 క్యూసెక్కులు పారేలా డిజైన్ చేశారు. అంటే రోజుకు దాదాపు ఒక టీఎంసీ. వరద ఉండే 45 రోజుల్లో 43.5 టీఎంసీలు మళ్లించుకోవాలన్నది లెక్క. కాబట్టి వెలిగొండకు ఏడాదిలో ఉన్నవి ఆ 45 రోజులే. ఆగస్టుకు కావాల్సిన పని నవంబరుకు అయితే కాగితం మీద మూడు నెలల జాప్యం అని రాస్తారు. కనిగిరి రైతుకు అది ఒక సంవత్సరం. 4.47 లక్షల ఎకరాలకు ఒక సంవత్సరం. మా ఊరు పలకలకు పేరు. వెలిగొండ గడువులు మా పలక మీద రాసి తుడిచినన్నిసార్లు మారాయి. గడువు చెప్పేముందు, అది వరదకు ముందా, తర్వాతా అని ఒక్క ప్రశ్న అడిగితే సగం తేదీలు నిలబడవు.

ముంపు ఊళ్ల విషయంలో ఆలస్యం ఊరికే ఉండదు, పెరుగుతుంది. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల లాంటి ఊళ్లలో తొలి సర్వేల నాడు ఒళ్లో ఉన్న పిల్లలకు ఇప్పుడు పెళ్లిళ్లయి వేరు కాపురాలు. 18 ఏళ్లు నిండినవాళ్లకూ ప్యాకేజీ ఇవ్వాలని వాళ్లు అడుగుతున్నారు. అడగరా మరి? పునరావాసాన్ని చివర్లో చూసుకునే చిల్లర పనిగా పెట్టుకున్నాం. మొదట చేసి ఉంటే ఖర్చూ తక్కువ, కన్నీళ్లూ తక్కువ.

నెల్లూరు వైపు సంగం బ్యారేజీకీ పదహారేళ్లు పట్టింది. 2006లో శంకుస్థాపన, 2022 సెప్టెంబరులో ప్రారంభం. అయినా పూర్తయింది. నా అభిప్రాయంలో దానికొక కారణం, అక్కడ పాత ఆనకట్ట కింద తరతరాలుగా సాగు చేస్తున్న ఆయకట్టుదారులు కాలువ గట్టునే ఉండి అడుగుతూ వచ్చారు. మా ఆయకట్టు ఇంకా కాగితం మీదే ఉంది. అడగాల్సినవాళ్లు హైదరాబాదులో, బెంగళూరులో కాంక్రీటు మోస్తున్నారు.

కట్టి పూర్తి చేసినదైనా పూర్తయినట్టు కాదని గుండ్లకమ్మ చూపించింది. మల్లవరం దగ్గర 3.859 టీఎంసీల జలాశయం. 2022 ఆగస్టు ఆఖరులో ఒక గేటు కొట్టుకుపోయింది. నిల్వ ఉన్న నీళ్లు సముద్రం పాలయ్యాయి. 2023 డిసెంబరులో ఇంకో గేటు. ఒకసారి జరిగితే ప్రమాదం అనుకోవచ్చు. పదిహేను నెలల్లో అదే డ్యాము మీద రెండోసారి జరిగితే, మొదటిదాని నుంచి మనం నేర్చుకోలేదనే అర్థం. గేటుకు రంగు వేయడం, రోపులకు గ్రీజు పెట్టడం, రబ్బరు సీళ్లు మార్చడం ఎవరూ రిబ్బను కత్తిరించే పనులు కావు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కాలువకు నలుగురైదుగురు లస్కర్లు, అంటే కాలువ కాపలా చూసేవాళ్లు, ఉండేవారు. ఏ షట్టరు ఎక్కడ కారుతోందో, ఏ గట్టు ఎక్కడ చెమ్మ పడుతోందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. నేను రిటైరయ్యేనాటికి నా పరిధిలో ఒకరో ఇద్దరో మిగిలారు. ఆ ఖాళీలు ఏ శాతంలోనూ కనబడవు.

బదిలీల మాటా చెప్పాలి. ఒక ఈఈకి పని ఒంటబట్టేసరికి రెండేళ్లవుతుంది, అప్పటికి వెళ్లిపోతారు. కొత్తగా వచ్చినవారికి చార్జి లిస్టులో బీరువాలు, జీపు, పనుల కొలతలు రాసే ఎం బుక్కులు అప్పజెప్తాం. ఏ రైతుకు ఏం మాటిచ్చామో, ఏ ఫైలు ఏ టేబుల్ దగ్గర ఎందుకు ఆగిందో అప్పజెప్పం.

అందుకని మిమ్మల్ని కోరేది ఇది. రివ్యూలో సీఈ (చీఫ్ ఇంజనీరు) గారితో మొదలుపెట్టకండి. ముందు ఏఈని మాట్లాడనివ్వండి, తర్వాత డీఈ, ఆ పైన మిగతావారు. పెద్దవారు చెప్పాక చిన్నవాడు ఆ మాట కాదనలేడు. చెడు కబురు తెచ్చినవాడికి మెమో వద్దు. తెలిసీ దాచినవాడికి ఇవ్వండి, పైస్థాయి వారికైనా సరే. శాతం గడి తీసేసి, ఈ రోజు నీళ్లు వదిలితే ఏ కిలోమీటరు దాకా పోతాయి, అక్కడ ఆపుతున్నది ఏమిటి, దాన్ని తొలగించాల్సిన అధికారి పేరేమిటి అన్న మూడింటినే రాయమనండి. వెలిగొండకు రెవెన్యూ, అటవీ, పునరావాస వ్యవహారాలన్నిటి మీదా చెయ్యేసే అధికారం ఉన్న ఒకే అధికారిని నియమించి, నల్లమల సాగర్‌లోకి నీళ్లు దిగేదాకా బదిలీ చేయకండి. గుండ్లకమ్మ గేట్లు ఎందుకు పోయాయో తెలుగులో నాలుగు పేజీలు రాయించి, రాష్ట్రంలో గేటున్న ప్రతి జలాశయం ఏఈ చేతికీ అందించండి. ఎవరిని శిక్షించాలన్నది వేరే ఫైలు. దాన్ని దీనితో కలపకండి, కలిపితే ఎవరూ నిజం రాయరు.

వచ్చే రివ్యూ ఒంగోలులో ఏసీ హాల్లో కాకుండా కలనూతలలో పెట్టండి. ఊరివాళ్లను కూర్చోబెట్టండి. ఉదయం ఏడింటికి మొదలుపెడితే ఎండెక్కేలోపు అయిపోతుంది. నన్ను పిలిస్తే ఫీడరు కాలువ గట్టు వెంట మీతో నడవడానికి వస్తాను. డీఈగా పనిచేసినవాణ్ణి, ఈసారి పక్కన కూర్చున్న ఏఈ మోకాలి మీద చెయ్యి వెయ్యను.

ఇట్లు,
మార్కాపురం నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీరు