బోర్డు మీద నేను రాసిన అంకె తప్పు

మన ఆటల గదికి రోజూ వచ్చే మీ అందరికీ,

జూన్ మొదలు ఆగస్టు చివరి దాకా మెట్ల దగ్గరి నల్లబోర్డు మీద గదిలో తేమ ఎంత ఉందో రోజూ సాయంత్రం రాస్తూ వచ్చాను. 51, 52, 53 శాతం. అవి తప్పుడు అంకెలు. గదిలో అసలు తేమ 60 దాటే ఉంది, కొండవైపు మూలలో 68 కూడా ఉంది. తెలిసి రాయలేదు. కానీ రాసిన చేయి నాదే కనుక, మళ్లీ తలుపులు తెరిచే ముందు జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఇంకో మాట కూడా ఉంది. రెండు స్నూకర్ బల్లల్లో ఇక ఒకటే ఉంటుంది. అది ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

కొత్తగా చేరినవారి కోసం రెండు ముక్కలు. హుద్‌హుద్ తుపాను వెళ్లిన మరుసటి ఏడాది, 2015లో, ఈ గది తెరిచాను. విశాఖలో కొండవాలు మీద కట్టిన ఇళ్లకు ఉండే తీరే దీనికీ ఉంది. రోడ్డు మీద నుంచి పన్నెండు మెట్లు దిగాలి. మూడు గోడల వెనక మట్టి, నాలుగోవైపు పల్లం. కొండవైపు గోడను ఆనుకుని రోడ్డుకు కట్టిన రక్షణ గోడ ఉంది. వాన కురిసిన రెండు మూడు రోజుల తర్వాత కూడా ఆ మట్టిలో ఊట ఆగదు.

మే నెలలో ఒక వ్యాపారి వచ్చాడు. చెమ్మ సమస్యలు తీర్చడమే తన పని అన్నాడు. గోడలు చూశాడు, వేలితో తట్టాడు, నాలుగు గోడలకూ నీరు పట్టని రంగు వేయాలన్నాడు, పదేళ్లు పూచీ అన్నాడు. దానితో పాటు గాలిలో తేమ లాగే యంత్రం, డీహ్యూమిడిఫైయర్, ఒకటి అంటగట్టాడు. రోజుకు 50 లీటర్లు లాగుతుందని చెప్పాడు. అడిగినంత ఇచ్చాను. బేరం కూడా ఆడలేదు, ఎందుకంటే ఆటగాళ్ల కోసం చేస్తున్న పని అది.

ఆగస్టు మూడో వారంలో, నాలుగు రోజులు ఎడతెరిపి లేని వాన తర్వాత, కొండవైపు గోడ మీద రంగు బుడగలు లేచింది. అరచేయంత బుడగ ఒకటి మోకాలి ఎత్తులో కనిపించింది. బొటనవేలితో నొక్కితే పగిలి, లోపల నిలిచిన నీరు మణికట్టు దాకా కారింది. ఊడిన రంగు వెనక గోడ నిండా తెల్లటి ఉప్పు, దూది పింజలా పూసి ఉంది. గోడ అవతల నుంచి తోసుకొచ్చే నీటిని ఇవతల వేసిన రంగు పొర ఆపలేదు. నీరు గోడలోనే నిలిచి, ఉప్పును వెంటబెట్టుకుని, ఆ పొరనే తోసేస్తుంది. అది నాకు తెలియకపోవచ్చు. అదే వృత్తిగా బతికే మనిషికి తెలియదా? ఫోను చేస్తే, పూచీ కాగితంలో చివరి వరుస చదువుకోమన్నాడు. వెనక నుంచి నీటి ఒత్తిడి ఉన్న గోడలకు పూచీ వర్తించదట. మా గోడ వెనక కొండ ఉందని మే నెలలో ఆయన కళ్లతో చూశాడు. పైగా "దోషం మీ గదిలోనే ఉంది" అన్నాడు. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

యంత్రం సంగతి ఇంతకన్నా బాధ పెట్టింది. నేను బోర్డు మీద రాసిన అంకెలన్నీ దాని ముఖం మీద వెలిగినవే. షిప్‌యార్డులో పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరు, క్యారమ్ బల్ల దగ్గర మీలో చాలామందికి పరిచయమే, జులైలోనే నన్ను పిలిచి చెప్పారు. "బాబూ, బోరిక్ పొడి ఉండ కడుతోంది. కాయిన్ సగం దూరం వెళ్లి ఆగిపోతోంది. 52 ఉంటే ఇలా జరగదు." నేను బోర్డు వైపు చేయి చూపించి, "అంకె అక్కడే ఉంది కదండీ" అన్నాను. అంత పెద్ద మనిషికి అలా జవాబు చెప్పాను. ఆ తర్వాత ఆయన రెండు వారాలు రాలేదు. మొన్న వారింటికి వెళ్లి, ఆయన చెప్పిందే నిజమని ఆయనతోనే చెప్పి వచ్చాను.

నిజం ఎలా తెలిసిందంటే, ఉప్పుతో. వంటింటి ఉప్పు సీసా మూత నిండా తీసుకుని, నాలుగు చుక్కల నీళ్లు పోయాలి. కరిగిపోకూడదు, తడి ఇసుకలా ఉండాలి. ఆ మూతనూ, తేమ కొలిచే చిన్న మీటరునూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేస్తే, లోపలి గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. కొత్తగా కొన్న రెండు మీటర్లను అలా పెడితే తెల్లవారేసరికి ఒకటి 75, ఇంకొకటి 74 చూపించాయి. వాటిని యంత్రం మీద ఉంచాను. యంత్రం 52 అంటోంది, రెండు మీటర్లూ 61 అంటున్నాయి. ఆ సాయంత్రమే బోర్డు తుడిచేశాను.

తర్వాత అది లాగే నీటిని బకెట్లతో కొలిచాను. 24 గంటలకు 22 లీటర్లు. 50 లీటర్ల లెక్క 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గదిలో కట్టినదని యంత్రం వెనక చీటీ మీద సన్నటి అక్షరాల్లో ఉంది. గది చల్లబడి, తేమ తగ్గేకొద్దీ అది లాగే నీరూ తగ్గుతుంది. అది దాని స్వభావమే, యంత్రాన్ని తప్పుపట్టను. అమ్మిన మనిషి చెప్పకపోవడమే తప్పు. పైగా తొట్టి నిండగానే అది తనంతట తానే ఆగిపోతుంది. నేను నిద్రపోయే వేళ, తెల్లవారుజామున నిండేది. పొద్దున నేను వచ్చేదాకా గది తడుస్తూనే ఉండేది.

నా వైపు తప్పు కూడా ఉంది. గాలి ఆడితే గది ఆరుతుందని నమ్మి, ఇన్నేళ్లూ రెండు ఎగ్జాస్టు ఫ్యాన్లు రాత్రింబవళ్లు తిప్పాను. వానాకాలంలో మన ఊరి గాలి 32 డిగ్రీలు, 75 శాతం తేమ అనుకుంటే, ఒక ఘనపు మీటరులో 25 గ్రాముల నీరు ఉంటుంది. 25 డిగ్రీలకు చల్లబరిచిన గదిలో గాలి ఎంత నిండుగా మోసినా 23 గ్రాములే మోయగలదు. మిగిలింది గోడల మీద, బల్లల మీద దిగుతుంది. అంటే ఆరబెడుతున్నాననుకుని నీళ్లు తెచ్చి పోశాను. ఇక ఆ ఫ్యాన్లు శీతాకాలంలో, బయట గాలి పొడిగా ఉన్న రోజుల్లోనే తిరుగుతాయి. జనం ఎక్కువగా ఉండే సాయంత్రాల్లో ఊపిరికి కావలసిన గాలి కోసం చిన్న ఫ్యాను ఒకటి నెమ్మదిగా తిరుగుతుంది. దానితో వచ్చే తేమను లెక్కలో వేసుకునే రెండో యంత్రం తీసుకున్నాను, వేరే చోట.

ఇక స్నూకర్ బల్ల విషయం.

ప్రతి గోడకూ రెండడుగుల ప్లాస్టిక్ ముక్క ఒకటి, చుట్టూ టేపు వేసి, రెండు రోజులు అంటించి ఉంచాను. రెండు గోడల మీద చెమ్మ ప్లాస్టిక్కుకు గదివైపు పట్టింది, అంటే గాలిలోని తేమ. దాన్ని యంత్రాలు చూసుకుంటాయి. కొండవైపు గోడ మీద మాత్రం ప్లాస్టిక్ వెనక బొట్లు బొట్లుగా నిలిచింది. అది ఊట. ఊటను గోడ అవతలే ఆపాలంటే తవ్వాలి. అవతల ఉన్నది రోడ్డు, దాని రక్షణ గోడ. తవ్వే వీలు లేదు. కనుక నీటిని రానిచ్చి, దారి చూపించాలి. పాత గోడ అడుగున కాలువ, కాలువ చివర సంప్, అందులో మోటారు, వాటికి ఇవతల సన్నగా మరో గోడ. మేస్త్రి కొలత వేసి, అన్నీ కలిపి గదిలో ఒక అడుగు పోతుందన్నాడు.

అడుగే కదా అనిపిస్తుంది. ఆ వైపు ఉన్నది ఈ గదికి మొదట వచ్చిన బల్ల. బంతిని కొట్టే కర్ర, క్యూ, పొడవు ఐదడుగులకు రెండు మూడంగుళాలు తక్కువ. కుషన్‌కు, అంటే బల్ల అంచుకు, ఆనుకున్న బంతిని కొట్టాలంటే వెనక అంత చోటూ, చేయి ఆడే చోటూ ఉండాలి. ఆ బల్ల వెనక ఉన్నది సరిగ్గా అంతే. అడుగు పోతే నిండు క్యూతో ఆడలేరు. పొట్టి క్యూ ఇద్దామని మావాళ్లు అన్నారు. మీలో ఇద్దరు కూడా ఫోనులో అదే అన్నారు. పదకొండు రాత్రులు ఆలోచించాను. గోడ కట్టకుండా రంగు మళ్లీ వేయించి, బల్లను అలాగే ఉంచితే వచ్చే జూన్ దాకా గడిచిపోతుందని కూడా లెక్క వేశాను. పొట్టి క్యూ బల్ల మాత్రం నా గదిలో ఉండదు. డబ్బు తీసుకుని మనిషిని ముడుచుకుని ఆడమని చెప్పలేను.

పన్నెండడుగుల బల్ల విప్పడం మీలో చాలామంది చూసి ఉండరు. ముందు గుడ్డ అంచున కొట్టిన పిన్నులు ఒక్కొక్కటే లాగారు. ఉన్ని గుడ్డ చుట్టి చేతికిస్తే, ఆరవేయని దుప్పటిలా బరువుగా ఉంది. బంతి చివర్లో నీరసించి ఆగడం, కుషన్ నుంచి రావలసిన చోటికి రాకపోవడం, మీరు చెప్పిన ప్రతిదానికీ జవాబు నా చేతిలో ఉంది. దాని కింద ఐదు స్లేటు పలకలు. కొండవైపు పలక కింద చెక్క మీద తెల్లటి బూజు చారలు. ఒక్కో పలకను ఆరుగురు పట్టి మెట్లు ఎక్కించారు. ఆ పలకలను వంటింటి గట్టుకు పరుచుకుంటానని ఒకాయన మంచి ధర చెప్పాడు. ఇవ్వలేదు. ఐదూ పై అంతస్తులో గోడకు ఆనించి ఉన్నాయి, వాటికి తగిన పొడి గది దొరికేదాకా అక్కడే ఉంటాయి.

పని పూర్తయి తొమ్మిది రోజులైంది. మధ్యలో ఒక పెద్ద వాన పడింది. కాలువలో నీరు పారడం నా చెవులతో విన్నాను, మోటారు రెండుసార్లు తిరిగింది, కొత్త గోడ పొడిగా ఉంది. యంత్రాలు రెండింటి గొట్టాలూ నేరుగా సంప్‌లోకే పెట్టాం, తొట్టి నిండి ఆగే బాధ లేదు. మీటర్లు 52, 55 మధ్య ఉన్నాయి. ఈసారి ఆ అంకె నిజం.

గురువారం సాయంత్రం 4 గంటలకు తెరుస్తున్నాను. నెల కార్డులన్నీ మూసి ఉన్నన్ని రోజులు పొడిగించాను, అడగనక్కర్లేదు. డబ్బు వెనక్కి కావాలంటే ఇచ్చేస్తాను, మనసులో ఏమీ పెట్టుకోను. ధరలు ఉగాది దాకా మారవు. స్నూకర్‌కు ఇక గంట చొప్పున ముందే పేరు రాయించుకోవాలి. సాయంత్రాలు వేచి ఉండక తప్పదు, అది నాకూ కష్టంగానే ఉంది. ఉబ్బిన మూడు క్యారమ్ బల్లల స్థానంలో కొత్తవి వచ్చాయి. మా అరలో పెట్టుకున్న క్యూ ఎవరిదైనా వంగితే తెచ్చి చూపించండి. బల్ల మీద దొర్లించి చూద్దాం, వంపు ఉంటే ఖరీదు నాది.

బోర్డు మళ్లీ మెట్ల దగ్గరే ఉంటుంది. పక్కనే రెండు మీటర్లూ వేలాడతాయి, నేను రాసినదాన్ని మీరే సరిచూసుకోవచ్చు. ప్రతి నెలా ఒకటో తేదీన వాటిని ఉప్పు డబ్బాలో పెడతాను, చూడాలనుకునేవారు పొద్దున 7 గంటలకు రండి. ఏ సాయంత్రమైనా అంకె 60 దాటితే ఆ రోజు స్నూకర్‌కు డబ్బు తీసుకోను.

మొదటి ఆట షిప్‌యార్డు పెద్దాయనది. బోరిక్ పొడి కొత్త డబ్బా ఆయన చేతికే ఇస్తున్నాను.