ఛతువా ప్యాకెట్ మీద ‘గోధుమ’ అని తెలుగులోనూ రాయించండి

గౌరవనీయులైన ఒడిశా మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మా ఇంట్లో మాట తెలుగు, నా చదువు ఒడియాలో. మా అత్తగారు ఒడియా చక్కగా మాట్లాడతారు గానీ చదవలేరు. మా మీదికి ప్రాణాపాయం వచ్చింది అక్కడే.

మా బాబుకు పది నెలలప్పుడు, నేను ఇంట్లో లేని పూట, అంగన్‌వాడీ నుంచి వచ్చిన ఛతువా అనే పోషకాహార పిండిని ఆవిడ వేడినీళ్ళలో కలిపి రెండు చెంచాలు తినిపించారు. పావుగంట కాకముందే పెదవులు ఉబ్బాయి. ఒళ్ళంతా దద్దుర్లు, వాంతి, ఆపైన ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు. ఆసుపత్రిలో తొడకు అడ్రినలిన్ ఇంజక్షన్ పడ్డాక గానీ వాడు తెరిపిన పడలేదు. వాడికి గోధుమ పడదని డాక్టరు గారు ముందే చెప్పారు, అత్తగారికీ తెలుసు. ఆ పిండిలో గోధుమ ఉందనే తెలియదు. వేయించిన శనగపప్పు వాసన వస్తే శనగపిండే అనుకున్నారు. ప్యాకెట్ మీద ‘గహమ’ అని ఒడియా లిపిలో ఉంది మరి!

ఛతువా మీద నాకు కోపం లేదు. గోధుమలు, శనగలు, వేరుశనగలు, చక్కెర కలిపి మహిళా సంఘాల వాళ్ళు చేసే ఆ పిండి మా వీధిలో ఎందరో పిల్లలకు బలం. కానీ గోధుమ పడని బిడ్డకు అది విషం. గోధుమను వేయించినా మరపట్టించినా అందులోని ప్రొటీన్ ఎక్కడికీ పోదు, ప్రమాదం దానితోనే. గోధుమలోని ముఖ్యమైన ప్రొటీన్‌ను గ్లూటెన్ అంటారు. ‘గ్లూటెన్ లేదు’ అన్న ముద్ర చూసి కూడా మేం నిశ్చింతగా ఉండలేం. కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఉన్నా ఆ ముద్ర వేసుకోవచ్చు. పైగా గోధుమలో గ్లూటెన్ కాని ప్రొటీన్లు కూడా కొందరికి పడవు.

మైదా, సేమియా, బొంబాయి రవ్వల్లో గోధుమ ఉంటుందన్న సంగతి అందరికీ తెలిసిందే. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంగువ. బజారులో దొరికే ఇంగువలో చాలా మటుకు అచ్చమైన ఇంగువ కాదు, పిండీ బంకా కలిపి కట్టింది. ఆ పిండి తరచూ గోధుమపిండో మైదానో అవుతుంది. పులిహోర చూసి ‘బియ్యమే కదా, పెట్టు’ అంటారు చుట్టాలు. తాలింపులో ఏ ఇంగువ వేశారని పెళ్ళింట్లో ఎవరిని అడగను? విడిగా తూచి అమ్మేదానికైతే చీటీ కూడా ఉండదు.

2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ ఆహారంలో గోధుమ ఉంటే ఆ మాట విడిగా చెప్పి తీరాలి. అయితే ఇంగ్లీషులోనో దేవనాగరి లిపిలో హిందీలోనో చెబితే చాలు. పర్లాకిమిడిలో, రాయగడలో, బరంపురంలో మనవల్ని చూసుకునే తెలుగు అమ్మమ్మలకూ నాన్నమ్మలకూ దానివల్ల ఏం ఒరుగుతుంది? సరిహద్దు జిల్లాలకు వచ్చే ఛతువా మీద ఒడియాతో పాటు తెలుగులోనూ ‘ఇందులో గోధుమ, వేరుశనగ ఉన్నాయి’ అని పెద్ద అక్షరాల్లో రాయించండి. ఏ లిపీ రానివాళ్ళ కోసం పక్కన గోధుమ వెన్ను బొమ్మ వేయించండి. మొదటి ప్యాకెట్ చేతికిచ్చే రోజున ‘బిడ్డకు ఏదైనా పడదా?’ అని అంగన్‌వాడీ దీదీ ఒక్కమాట అడిగి పుస్తకంలో రాసుకునేలా ఆదేశించండి.

ఇంకొకటి. మన రాష్ట్రంలోనే కెందుఝర్, సుందర్‌గఢ్ అంగన్‌వాడీల్లో మాండియా లడ్డూ పెట్టారు. మాండియా అంటే మా చోడే, అంటే రాగులు. మా కొండల్లో పండుతుంది, మా పిల్లలు అంబలిగా తాగుతూ పెరుగుతారు. గోధుమ పడని పిల్లలకు ఛతువా బదులు, గోధుమ ఆడించని మరలో పట్టిన చోడిపిండి ఇప్పించలేరా?

మా బాబుకు ఇప్పుడు ఏడాదిన్నర. వాడి వంతు ఛతువా పక్కింటి పాపకు ఇచ్చేస్తున్నాం. మూడేళ్ళు నిండితే వాడికి ఈ రేషన్ ఆగిపోతుంది. ఆలోపు వాడు తినగలిగే ప్యాకెట్ ఒక్కటైనా వాడి పేరు మీద వచ్చేలా చూడండి.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక తల్లి