పాటల యాప్ తెరుచుకోకపోతే రీసెట్ మొదటి మందు కాదు

సంపాదకులకు,

అప్‌డేట్ తర్వాత పాటల యాప్ తెరుచుకోవడం లేదన్న ప్రశ్నకు మీ సాంకేతిక శీర్షికలో "యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి, అప్పటికీ కుదరకపోతే ఫోన్ రీసెట్ చేయండి" అని జవాబిచ్చారు. ఫోన్ల మరమ్మతు పనిలో ఉన్న మాకు ఆ సలహాతో పేచీ ఉంది. తీసేసి మళ్లీ వేసుకుంటే చాలాసార్లు యాప్ తెరుచుకుంటుంది, కాదనం. కానీ అందులో డౌన్‌లోడ్ చేసి దాచుకున్న పాటలన్నీ దాంతోపాటే పోతాయి. రీసెట్ అంటే ఫోన్‌లోనివన్నీ తుడిచి కొన్ననాటి స్థితికి తేవడం. అది చేస్తే, వేరేచోట కాపీ లేని పక్షంలో, అమ్మమ్మ పాడితే రికార్డు చేసుకున్న మంగళహారతి కూడా మిగలదు. ఈ రెండూ ఆఖరున చేయాల్సిన పనులు. వాటికంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

మొదట తేల్చుకోవాల్సింది, అప్‌డేట్ అయింది యాపా, ఫోన్ సిస్టమా అన్నది. ప్లే స్టోర్‌లో పైన కుడివైపు ఉన్న మన బొమ్మ నొక్కి, 'మేనేజ్ యాప్స్ అండ్ డివైస్'లో 'మేనేజ్' ట్యాబ్ తెరిచి, జాబితాను 'రీసెంట్లీ అప్‌డేటెడ్' వరసలో పెడితే ఇటీవల ఏయే యాప్‌లు మారాయో తెలిసిపోతుంది. మారింది ఫోన్ సిస్టమైతే తొందరపడొద్దు. పెద్ద అప్‌డేట్ తర్వాత ఫోన్ తనలోని యాప్‌లన్నింటినీ కొత్త వెర్షన్‌కు తగ్గట్టు లోలోపల మళ్లీ సిద్ధం చేసుకుంటుంది. ఆ కాసేపూ ఫోన్ వేడెక్కుతుంది, యాప్‌లు మొరాయిస్తాయి. అరగంట చార్జింగ్‌లో వదిలేసి, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. తేదీ, సమయం 'ఆటోమేటిక్'లో ఉన్నాయో లేదో చూడండి. తేదీ తప్పుంటే సర్వర్ (యాప్ కంపెనీ కంప్యూటర్) ఇచ్చే భద్రతా పత్రాన్ని ఫోన్ నమ్మదు, యాప్ లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోతుంది. ఫోన్లో ఖాళీ చోటు ఎంతుందో కూడా చూడాలి. రెండు మూడు వందల ఎంబీ మాత్రమే మిగిలితే, యాప్ తన పాత పాటల జాబితాను కొత్త వెర్షన్ రూపంలోకి రాసుకోలేక మధ్యలోనే పడిపోతుంది. కనీసం రెండు జీబీ ఖాళీ చేసి మళ్లీ తెరవండి.

ఇక్కడితో కుదరకపోతే సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, ఆ యాప్ మీద నొక్కి 'ఫోర్స్ స్టాప్' చేయాలి, అంటే దాన్ని బలవంతంగా ఆపాలి. ఆ తర్వాత 'స్టోరేజ్' తెరిస్తే రెండు బటన్లు పక్కపక్కనే కనిపిస్తాయి, 'క్లియర్ క్యాష్' ఒకటి, 'క్లియర్ డేటా' లేదా 'క్లియర్ స్టోరేజ్' ఇంకొకటి. ఎక్కువమంది నష్టపోయేది ఈ రెంటికీ తేడా తెలియకే. క్యాష్ అంటే ఆల్బమ్ బొమ్మల్లాంటి తాత్కాలిక సరుకు, పోయినా యాప్ మళ్లీ తెచ్చుకుంటుంది. దాన్ని నిశ్చింతగా తుడవొచ్చు. డేటా అంటే మన లాగిన్, సెట్టింగులు, డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు. చందా కట్టి వినే యాప్‌లలో పాటలు మామూలు ఎంపీ3 ఫైళ్లుగా ఉండవు. తాళం వేసి యాప్ సొంత గదిలో ఉంటాయి, ముందే కాపీ తీసి పెట్టుకుని మళ్లీ అతికించడం కుదరదు. నాలుగు నిమిషాల పాట 160 కేబీపీఎస్ (సెకనుకు 160 కిలోబిట్లు) నాణ్యతలో దాదాపు 4.8 ఎంబీ. అయిదు వందల పాటలంటే 2.4 జీబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకు ఒకటిన్నర రోజుకు పైగా డేటా దానికే పోతుంది.

లైకులు, ప్లేలిస్టులు అలా కాదు. అవి కంపెనీ సర్వర్‌లో మన ఖాతా కింద ఉంటాయి కాబట్టి లాగిన్ అవగానే తిరిగొస్తాయి. చిక్కల్లా ఆ లాగిన్ దగ్గరే. అయిదేళ్ల కిందట ఏ నంబరుతో ఖాతా తెరిచారో గుర్తుండదు, ఆ సిమ్ ఎప్పుడో మూలపడి ఉంటుంది, ఓటీపీ రాదు. అందుకే డేటా తుడిచే ముందు ఏ ఈమెయిల్‌తో, ఏ నంబరుతో ఉన్నామో కాగితం మీద రాసుకోవాలి. యాప్ అసలు తెరుచుకోవడమే లేదంటే కంప్యూటర్‌లోనో ఇంకో ఫోన్లోనో అదే ఖాతాతో లాగిన్ అయి చూసుకోవాలి.

కొన్ని సందర్భాల్లో తప్పు పాటల యాప్‌ది కానే కాదు. ఆండ్రాయిడ్‌లో 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ' అని ఒక భాగం ఉంటుంది. యాప్ లోపల వెబ్ పేజీలు చూపించాలంటే, అంటే లాగిన్ పేజీ అయినా ప్రకటన అయినా, చాలా యాప్‌లు దాని మీదే ఆధారపడతాయి. 2021 మార్చి నాలుగో వారంలో దాని అప్‌డేట్ ఒకటి చెడి, జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. గూగుల్ వెబ్‌వ్యూకు, క్రోమ్‌కు కొత్త వెర్షన్లు ఇచ్చాకే సర్దుకుంది. ఆ యాప్‌లను ఎన్నిసార్లు తీసేసి మళ్లీ వేసుకున్నా ప్రయోజనం లేకపోయింది. కాబట్టి ఒక్క పాటల యాపే కాకుండా ఇంకో రెండు మూడు కూడా మూసుకుపోతుంటే ప్లే స్టోర్‌లో వెబ్‌వ్యూ, క్రోమ్ రెంటినీ అప్‌డేట్ చేయండి.

ఒక్కోసారి తప్పు ఫోన్లోనే ఉండదు. 2020 జూలై 10న ఐఫోన్లలో స్పాటిఫై, పింటరెస్ట్ లాంటి యాప్‌లు తెరవగానే పడిపోయాయి. వాటన్నింటిలో ఉన్న ఫేస్‌బుక్ కోడ్ ముక్కకు ఫేస్‌బుక్ సర్వర్ నుంచి వచ్చిన మార్పే దానికి కారణం. దీన్ని పట్టుకునే మార్గం తేలిక. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపి యాప్ తెరవండి. అలా తెరుచుకుని, నెట్ ఆన్ చేయగానే పడిపోతుంటే తప్పు బయట ఉందని అనుమానించొచ్చు. అప్పుడు ఏమీ తుడవకుండా ఒక రోజు ఆగడమే మేలు.

సేఫ్ మోడ్‌లో పెట్టి చూడమని కొందరు చెబుతుంటారు. మనం వేసుకున్న యాప్‌లన్నీ సేఫ్ మోడ్‌లో ఆగిపోతాయి. పాటల యాప్ కూడా వాటిలో ఒకటైనప్పుడు అక్కడ దాన్ని పరీక్షించడం ఎలా? ఫోన్‌తో వచ్చిన మ్యూజిక్ ప్లేయర్‌కైతే పనికొస్తుంది. అలా ఫోన్‌తో వచ్చిన యాప్‌కు 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' అనే దారి కూడా ఉంది, మొదటి వెర్షన్‌కు తీసుకెళుతుంది. కానీ డేటా అంతా పోతుందని అది ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చదవకుండా 'ఓకే' నొక్కేవాళ్లే ఎక్కువ.

ఫోన్లో ఉన్న మన సొంత పాటల ఫైళ్లను వినిపించే ప్లేయర్లలో ఇంకో చిక్కుంది. యాప్ తెరుచుకుంటుంది గానీ పాటలు ఒక్కటీ కనిపించవు. దీన్ని కూడా 'పనిచేయడం లేదు' అనే అంటారు. ఇక్కడ చూడాల్సింది అనుమతి. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫైళ్లన్నింటికీ ఒకే అనుమతి కాకుండా, ఫొటోలు-వీడియోలకు ఒకటి, 'మ్యూజిక్ అండ్ ఆడియో'కు వేరొకటి వచ్చాయి. యాప్ తీసి మళ్లీ వేసినప్పుడు అది కొత్తగా అడుగుతుంది. తొందరలో రెండుసార్లు 'వద్దు' అన్నామంటే ఇక అడగదు, ఖాళీ తెర చూపిస్తుంది. మళ్లీ వేసుకోమన్న సలహాయే ఇక్కడ కొత్త తంటా తెచ్చిపెడుతుంది. నెలల తరబడి వాడని యాప్‌కు అనుమతులను ఆండ్రాయిడ్ తనంతట తానే తీసేస్తుంది కూడా. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి 'పర్మిషన్స్'లో మ్యూజిక్ అండ్ ఆడియోను 'అలౌ' చేస్తే పాటలు కనిపిస్తాయి. అయినా రాకపోతే పాటలున్న ఫోల్డర్లో 'నోమీడియా' అనే దాగిన ఫైలు ఉందేమో ఫైల్ మేనేజర్‌లో వెతకాలి. అది ఉంటే ఆ ఫోల్డర్లోని పాటలు ప్లేయర్ జాబితాలోకి రావు.

ఐఫోన్ వాడేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. సెట్టింగ్స్, జనరల్, ఐఫోన్ స్టోరేజ్‌లో యాప్ పేరు నొక్కితే 'ఆఫ్‌లోడ్ యాప్', 'డిలీట్ యాప్' అని రెండు కనిపిస్తాయి. ఆఫ్‌లోడ్ చేస్తే యాప్ మాత్రమే పోయి డాక్యుమెంట్లు, డేటా నిలుస్తాయి. తర్వాత అక్కడే 'రీఇన్‌స్టాల్' నొక్కొచ్చు. వీటన్నింటికంటే ముందు ఫోర్స్ రీస్టార్ట్ చేసి, అంటే ఫోన్‌ను బలవంతంగా ఆపి మళ్లీ ఆన్ చేసి చూడాలి. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలో వాల్యూమ్ పెంచే బటన్ ఒకసారి నొక్కి వదిలి, తగ్గించేది నొక్కి వదిలి, పక్క బటన్‌ను ఆపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి.

ఏం చేసినా తెరుచుకోని యాప్‌లూ ఉంటాయి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 (ఐఫోన్ సిస్టమ్) నుంచి పాత తరహా 32 బిట్ యాప్‌లు నడవవు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివర్లో మూతపడింది, పాత ఫోన్లలో గుర్తు ఉన్నా లోపల పాటలు లేవు.

చందా కట్టకుండా ప్రీమియం వస్తుందని గ్రూపుల్లో తిరిగే ఏపీకే ఫైళ్ల (ప్లే స్టోర్ లేకుండా నేరుగా వేసుకునే ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు) గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అసలు యాప్‌ను మార్చి తయారు చేసినవి అవి. కంపెనీ సర్వర్‌లో తనిఖీ మారగానే ఆగిపోతాయి. వాటి మీద ప్లే స్టోర్ యాప్ వేయబోతే తయారీదారుల డిజిటల్ సంతకాలు కలవక ఫోన్ నిరాకరిస్తుంది, ముందు వాటిని పూర్తిగా తీసేయాలి. పాటల యాప్ ఎస్‌ఎంఎస్ చదివే అనుమతి అడిగిందంటే మన ఓటీపీల మీద కన్నుందేమోనని అనుమానించాల్సిందే. వెంటనే తీసేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

కంపెనీకి ఫిర్యాదు రాసేటప్పుడు "పనిచేయడం లేదు" అని ఊరుకుంటే వాళ్లు చేయగలిగింది లేదు. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ, యాప్ వెర్షన్ నంబరు రాయాలి. మొదటి మూడూ 'అబౌట్ ఫోన్'లో, నాలుగోది యాప్ సమాచారం పేజీ అట్టడుగున ఉంటాయి. కొత్త వెర్షన్‌ను కంపెనీలు తరచూ అందరికీ ఒకేసారి ఇవ్వవు, కొద్దిమందితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతాయి. పక్కింటివాళ్ల ఫోన్లో పాడుతున్న యాప్ మన ఫోన్లో పడిపోవడానికి అదీ ఒక కారణం కావొచ్చు. అందుకే వెర్షన్ నంబరు రాయడం ముఖ్యం.

యాప్ కంపెనీలకూ ఒక మాట. అప్‌డేట్ వివరాల్లో 'లోపాలు సరిచేశాం' అన్న ఒక్క వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌లో ఏది చెడిందో, ఏది సరిచేశారో తెలుగులోనూ రాయాలి. తెలుగు పాటలు అమ్ముకుంటున్నవాళ్లకు ఆ నాలుగు వాక్యాలు బరువు కాదు. మీరు కూడా ఆ శీర్షికలో సవరణ ఒకటి వేసి, 'క్లియర్ డేటా', 'రీసెట్' అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా వాటి పక్కనే ఏమేం పోతాయో అచ్చువేయాలని కోరుతున్నాం.

ఇట్లు
సెల్‌ఫోన్ల మరమ్మతు పనివారు,
ఆబిడ్స్, హైదరాబాద్