లాన్‌కు బొక్కలు కొట్టి మాయమైన కంపెనీకి

కస్టమర్ కేర్ పెద్దలకు,

మీ దగ్గర పెద్దలంటూ ఎవరైనా ఉన్నారో లేరో నాకు తెలియదు. "మీ పై ఆఫీసర్‌ని ఇవ్వండి" అన్నప్పుడల్లా "సార్ మీటింగ్‌లో ఉన్నారండీ" అనే మాట తప్ప ఇంకోటి వినలేదు. అందుకే ఈ లెటర్.

సెప్టెంబరులో మీ వాళ్లు వేదాయపాలెంలో మా ఇంటికి మిషన్ తెచ్చి లాన్ అంతా బొక్కలు కొట్టారు. గట్టిపడిన నేల గుల్లబారాలి, ఆ బొక్కల్లో కొత్త గడ్డి విత్తనం పడాలి, ప్యాకేజీ అంటే అదే. విత్తనం రేపు వస్తుందని చెప్పి వెళ్లారు. ఆ రేపు ఇంకా రాలేదు.

ఆలస్యమైందని కాదు నా మంట, ఎవరికైనా లేటవుతుంది. ఫోన్ చేస్తే చెప్పింది వినే మనిషి ఒక్కరు లేరు. తెలుగు కోసం నంబరు నొక్కితే హిందీలో పలుకుతారు. చివరికి తెలుగమ్మాయి దొరికి, ఎంతో మర్యాదగా అంతా విని, "మొలకలు రాని చోట ఫోటో పంపండి సార్" అంది. విత్తనమే రాలేదు తల్లీ, మొలకలెట్లా వస్తాయి అంటే, ఫోటో లేకుండా కంప్లైంట్ ముందుకెళ్లదంట. సరే, బొక్కల ఫోటోనే పంపాను. మర్నాడు ఇంకొకాయన ఫోన్ చేసి, "మీ లాన్‌కి పురుగు పట్టినట్టుంది, మందు ఆర్డర్ పెట్టమంటారా?" అని అడిగాడు!

ఇంకో మహానుభావుడు "తొందరేముంది సార్, వానాకాలం అయిపోయింది కదా" అన్నాడు. ఆయన ఏ ఊళ్లో కూర్చున్నాడో గానీ, నెల్లూరుకి పెద్ద వానలు వచ్చేదే అక్టోబరు నుంచి, ఈశాన్య రుతుపవనాలతో. సెప్టెంబరులో పని పెట్టుకుంది అందుకే. మీరు వేయాల్సిన బెర్ముడా గడ్డి విత్తనం నేల వెచ్చగా ఉన్నప్పుడే మొలుస్తుంది, వారం నుంచి మూడు వారాలు పడుతుంది, అన్నాళ్లూ పైమట్టి ఆరకుండా పలచగా తడుపుతూ ఉండాలి, వేళ్లు పట్టేలోపు జడివాన వస్తే విత్తనం కాలవలోకి కొట్టుకుపోతుంది. గడ్డి అమ్ముకునే మీకు ఇది నేను చెప్పాలా?

ఈలోపు యాప్‌లో చూస్తే నా కంప్లైంట్ 'పరిష్కరించబడింది'. ఎవరు పరిష్కరించారు, ఏం పరిష్కరించారు? మళ్లీ పెడితే కొత్త నంబరు, కొత్త మనిషి, మొదట్నుంచి అదే కథ, అదీ మూసేశారు. పైగా మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని మెసేజ్. ఆకాశంలో ఉన్నవన్నీ తీసుకోండి.

చివరికి వానలు పడనే పడ్డాయి, బంకమట్టి కదా, బొక్కలన్నీ పూడుకుపోయాయి. ఇప్పుడు విత్తనం పంపినా పైపైన పడి పిట్టలపాలు కావడమే.

మీ కంపెనీ కొత్తలో, ఇక్కడ ఎవరికీ మీ పేరు కూడా తెలియనప్పుడు, కుండీల దగ్గర్నుంచి వర్మీకంపోస్టు దాకా మీ దగ్గరే కొన్నవాణ్ణి. కావలిలో మా బావమరిది ఇల్లు కట్టుకుంటే గార్డెన్ పని మీకే ఇప్పించాను. ఇప్పుడాయన ఫోన్ చేసినప్పుడల్లా "బావా, గడ్డి మొలిచిందా?" అని నవ్వుతున్నాడు. దానికేం లెక్క కడతారు మీరు?

చలి తగ్గాక, ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చిలోనో, మిషనూ విత్తనమూ ఒకే బండిలో తెచ్చి ఒకే రోజు పని చేసి పోండి. లేదా డబ్బు వెనక్కివ్వండి, ఏదో ఒకటి. అదంతా తర్వాత, ముందు ఎవరో ఒకరు ఫోన్ చేసి తప్పు మాదేనని ఒప్పుకోవాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కొడతాను. అక్కడా తేలకపోతే నెల్లూరులోనే వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. వాయిదాలకు మీ లాయరే తిరుగుతాడు.

ఫోన్ చేసేవాళ్లకు ముందు ఈ లెటర్ చదివించండి. మళ్లీ మొదట్నుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
మీ పాత కస్టమర్
వేదాయపాలెం, నెల్లూరు