క్రీడా పేజీలో మామూలు మనిషి ఆటకూ చోటు కావాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ పత్రికలోని క్రీడల పేజీనీ, ప్రవాస తెలుగువారి వార్తల పేజీనీ చాలా ఏళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను. మొదటిదానిలో ప్రపంచ స్థాయి ఆటగాళ్లు కనిపిస్తారు. రెండోదానిలో పోటీ గెలిచి కప్పు పట్టుకుని నిలబడిన మన పిల్లలు కనిపిస్తారు. ఉద్యోగమూ సంసారమూ ఉన్న మామూలు మనిషి వారాంతంలో ఆడే పోటీ ఆట గాని, ఏడాదిలో సగానికి పైగా ఒక జట్టునే పట్టుకుని ఉండే అభిమాని జీవితం గాని ఈ రెండు పేజీల్లోనూ కనిపించవు. సియాటిల్ ప్రాంతంలో ఉంటూ, లీగ్ టెన్నిస్ ఆడుతూ, ఇక్కడి మెరీనర్స్ బేస్‌బాల్ జట్టు వెంట నడుస్తున్న పాఠకురాలిగా ఈ లోటును మీ దృష్టికి తేవాలనుకున్నాను. ఈ రెండు ఆటలూ ఓడిపోవడాన్ని ఒక మామూలు విషయంగా తీసుకునే అలవాటును మనిషికి నేర్పుతాయని, ఆ అలవాటు మన కుటుంబాలకు ఇప్పుడు చాలా అవసరమని నా నమ్మకం.

ముందుగా లీగ్ టెన్నిస్ సంగతి చెబుతాను, ఎందుకంటే అది ఎలా నడుస్తుందో అమెరికాలో ఉన్న మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. యునైటెడ్ స్టేట్స్ టెన్నిస్ అసోసియేషన్ 1980లో పెద్దల కోసం ఈ లీగ్‌ను ప్రారంభించింది. 18 ఏళ్లు నిండినవారికి ఒక విభాగం, 40 దాటినవారికి ఒకటి, 55 దాటినవారికి మరొకటి ఉన్నాయి. ప్రతి ఆటగాడికీ అరపాయింటు చొప్పున పెరిగే ఒక రేటింగ్ ఉంటుంది. కొత్తగా రాకెట్ పట్టినవారు 2.5 దగ్గర మొదలైతే, కళాశాల జట్లలో గట్టిగా ఆడి వచ్చినవారు 4.5లోనో 5.0లోనో ఉంటారు, మనలాంటి వారాంతపు ఆటగాళ్లలో ఎక్కువమంది 3.0, 3.5 మధ్యలో కనిపిస్తారు. ఏ స్థాయివారు ఆ స్థాయివారితోనే తలపడతారు. అందువల్ల నలభై ఏళ్ల వయసులో ఆట మొదలుపెట్టిన మనిషి కూడా ఇక్కడ ఆటలో అరటిపండు కాదు. ఆ మనిషి గెలిచిన కోర్టు, అంటే జట్ల పోరులో ఒక విడి మ్యాచ్, జట్టుకు ఒక పాయింటు తెస్తుంది, ఓడిన కోర్టు ఒక పాయింటు పోగొడుతుంది. జట్టుగా గెలిచినవారు స్థానిక లీగ్ నుంచి ప్రాంతీయ పోటీలకు, అక్కడి నుంచి జాతీయ పోటీలకు వెళతారు.

ఈ ఏర్పాటులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది రేటింగ్‌ను లెక్కించే తీరు. అది గెలుపోటములను మాత్రమే చూడదు. ఎదుటివారి బలం ఎంత, వారి మీద ఎన్ని గేములు తెచ్చుకున్నారు అన్నది చూస్తుంది. తనకంటే బాగా బలమైనవారి చేతిలో 6-4, 6-4తో ఓడినా రేటింగ్ పెరగవచ్చు. బలహీనులను అతి కష్టం మీద ఓడించినా తగ్గవచ్చు. నిలకడగా గెలుస్తూ పోతే పై స్థాయికి పంపిస్తారు, అక్కడ మళ్లీ ఓటములు మొదలవుతాయి. మనిషి తన స్థాయిలో కుదురుకున్నాక సుమారు సగం మ్యాచ్‌లు ఓడిపోవడమే సహజం. నిజానికి అలా ఓడిపోతున్నారంటే సరైన చోట ఆడుతున్నారనే అర్థం. తక్కువ స్థాయిలో చేరి సులువుగా గెలుద్దామనుకునేవారు కూడా ఉంటారు. తమ రేటింగ్‌ను తామే ప్రకటించుకుని చేరినవారి ఫలితాలు ఆ స్థాయికి మించి ఉన్నట్లు మూడుసార్లు తేలితే, ఆ స్థాయి నుంచి అనర్హులుగా తప్పిస్తారు. ఈ నియమం ఉన్నా అక్కడక్కడ తప్పించుకునేవారు ఉన్నారన్నది నిజమే గాని, మొత్తం మీద ఇంత న్యాయంగా పెద్దలను ఆడించే పద్ధతి నాకు వేరే తెలియదు.

స్థానిక మ్యాచ్‌లలో అంపైర్ ఉండడు. నెట్‌కు ఇటువైపు పడిన బంతి లోపల పడిందో బయట పడిందో ఇటువైపువారే చెప్పాలి. కచ్చితంగా బయట పడిందని చూడలేకపోతే దాన్ని లోపల పడినట్టే లెక్కించాలని, అంటే అనుమానం ఉన్న చోట లాభం ఎదుటివారికే ఇవ్వాలని నియమం. డబుల్స్‌లో భాగస్వాములిద్దరూ భిన్నంగా చూస్తే ఆ బంతి లోపలిదే. సరిగా కనబడలేదు కాబట్టి మళ్లీ ఆడదామని అడగడానికి కూడా వీల్లేదు. సెట్లు చెరొకటి అయిన తర్వాత మూడో సెట్టుకు బదులు ఆడే పది పాయింట్ల టై బ్రేక్‌లో, 8-8 దగ్గర, గీత అంచున పడిన బంతికి వేలెత్తకుండా ఉండడం ఎంత కష్టమో ఆడినవారికే తెలుస్తుంది. ఆ పాయింటు ఇచ్చి మ్యాచ్ ఓడి, చేయి కలిపి ఇంటికి వచ్చేవారిని నేను ఎందరినో చూశాను. వారి పట్ల నాకున్న గౌరవం ఏ పెద్ద టోర్నమెంటు విజేత పట్లా లేదు.

ఇక బేస్‌బాల్. మేజర్ లీగ్‌లో 30 జట్లు ఉన్నాయి, ఒక్కొక్కటి సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మార్చి చివర్లో మొదలై సెప్టెంబరు చివరి దాకా దాదాపు రోజూ ఆట ఉంటుంది. 2025లో వరల్డ్ సిరీస్, అంటే లీగ్ తుది పోరు, గెలిచిన లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ ఆ సీజన్‌లో 69 మ్యాచ్‌లు ఓడింది. 2006లో గెలిచిన సెయింట్ లూయిస్ కార్డినల్స్ 78 ఓడింది. పదిసార్లు ప్రయత్నించి మూడుసార్లు హిట్ (బంతిని కొట్టి కనీసం మొదటి మజిలీకి, అంటే బేస్‌కు, చేరడం) కొట్టగలిగిన బ్యాటర్‌ను మేటి అంటారు. నాలుగుసార్లు కొట్టగలిగినవాడు, అంటే సీజన్ మొత్తానికి .400 సగటు సాధించినవాడు, 1941లో .406 కొట్టిన టెడ్ విలియమ్స్ తర్వాత మేజర్ లీగ్‌లోని రెండు విభాగాలైన అమెరికన్, నేషనల్ లీగ్‌లలో మరొకడు లేడు. ఆ సీజన్ చివరి రోజున అతని సగటు .39955, దాన్ని .400గానే లెక్కిస్తారు కాబట్టి ఆడకుండా కూర్చున్నా రికార్డు దక్కేది. ఆ రోజు జరిగిన రెండు మ్యాచ్‌లూ ఆడి ఎనిమిదింటికి ఆరు హిట్లు కొట్టాడు. పోగొట్టుకునే భయంతో కూర్చుండిపోకపోవడం అంటే ఏమిటో పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఈ ఉదాహరణే చెబుతాను.

మైదానంలోని స్కోరు బోర్డు మీద పరుగులు, హిట్లు, వాటి పక్కనే ఇంగ్లీషు అక్షరం ‘ఇ’ కింద తప్పిదాల సంఖ్య కూడా వెలుగుతూ ఉంటుంది. ఫీల్డర్ చేజార్చిన బంతి వేల మంది ఎదుట అంకెగా మారి మ్యాచ్ ముగిసేదాకా అక్కడే ఉంటుంది, ఆ ఫీల్డర్ మరుసటి ఇన్నింగ్స్‌లో మళ్లీ అదే చోట నిలబడతాడు. క్రికెట్ పట్టికలో ఇలాంటి గడి లేదు. ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

తప్పు అంపైర్‌ది అయినప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పాలి. 2010 జూన్ 2న డెట్రాయిట్ టైగర్స్ పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) అర్మాండో గలరాగా, క్లీవ్‌లాండ్ జట్టు మీద వరుసగా 26 మందిని ఔట్ చేశాడు. మరొక్కరిని ఔట్ చేస్తే పర్ఫెక్ట్ గేమ్, అంటే ఎదుటి జట్టులో ఒక్కరినీ బేస్ చేరనివ్వని మ్యాచ్. శతాబ్దానికి పైబడిన మేజర్ లీగ్ చరిత్రలో అలాంటివి పాతిక కూడా లేవు. 27వ బ్యాటర్ మొదటి బేస్ దగ్గర స్పష్టంగా ఔటయినా, అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అని ప్రకటించాడు. గలరాగా చిన్నగా నవ్వి వెనక్కి వెళ్లి తర్వాతి బ్యాటర్‌కు బంతి వేశాడు. మ్యాచ్ ముగిశాక వీడియో చూసిన జాయిస్ తన తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. మర్నాడు ఆట మొదలయ్యే ముందు జట్టు జాబితాను జాయిస్‌కు అందించడానికి గలరాగానే వచ్చాడు, జాయిస్ కన్నీళ్లు తుడుచుకుంటూ దాన్ని అందుకున్నాడు.

మెరీనర్స్ అభిమానులకు ఓపిక గురించి వేరే పాఠం అక్కరలేదు. 1977లో మొదలైన ఈ జట్టు ఇప్పుడున్న 30 జట్లలో ఒక్కసారైనా వరల్డ్ సిరీస్ ఆడని ఏకైక జట్టు. 2001లో, జపాన్ నుంచి ఇచిరో సుజుకి వచ్చిన ఏడాది, 116 మ్యాచ్‌లు గెలిచి 1906 నాటి చికాగో కబ్స్ రికార్డును సమం చేసింది. అయినా అమెరికన్ లీగ్ ఫైనల్‌లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడింది. ఆ తర్వాత 2022 దాకా ప్లేఆఫ్‌లకే, అంటే సీజన్ తర్వాత మేటి జట్ల మధ్య జరిగే పోటీలకే, చేరలేదు. 2025లో క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ఆటగాడు) కాల్ రాలీ 60 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టాడు, అంతకు ముందు ఏ క్యాచరూ ఒక సీజన్‌లో అన్ని కొట్టలేదు. ఆ ఏడాది జట్టు వరల్డ్ సిరీస్‌కు ఒక్క మ్యాచ్ దూరానికి వచ్చి, టొరంటోలో జరిగిన ఏడో మ్యాచ్‌లో, ఏడో ఇన్నింగ్స్ దాకా ఆధిక్యంలో ఉండి, జార్జ్ స్ప్రింగర్ కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్‌తో 4-3 తేడాతో ఓడింది. ఆ రాత్రి ఈ ఊళ్లో ఎందరికో నిద్ర పట్టి ఉండదు. అయినా ఈ జట్టును వదిలేశామని ఎవరూ అనలేదు, మరుసటి సీజన్ గురించిన మాటలే వినబడ్డాయి.

ఇదంతా మన కుటుంబాలకు ఎందుకంటే, మన తల్లిదండ్రులు పిల్లలను టెన్నిస్ శిక్షణకు తీసుకువెళ్లి, గంటంతా కారులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తిరుగు దారిలో ఓడిన మ్యాచ్ గురించి పిల్లలను ప్రశ్నిస్తారు. కళాశాల దరఖాస్తులో చూపడానికి పనికొచ్చినంత కాలమే ఆ పిల్లలు ఆడతారు, ఆ పని తీరాక రాకెట్ మూలన పడుతుంది. ఆ తల్లిదండ్రులే పక్క కోర్టులో 3.0 మ్యాచ్ ఆడుతూ, శనివారం ఓడి, ఆదివారం మళ్లీ సాధనకు వెళుతూ ఉంటే, కారులో జరిగే సంభాషణ తప్పకుండా వేరుగా ఉంటుంది. ఓటమి రుచి తెలిసిన మనిషి పిల్లవాడి ఓటమి గురించి అడిగే తీరు వేరు. తీరిక లేదనేవారికి లీగ్ మ్యాచ్‌కు వారంలో రెండు గంటలు చాలునని, బేస్‌బాల్ సాగదీతగా ఉంటుందనేవారికి 2023లో పిచ్చర్ బంతి వేయడానికి గడువు విధించే గడియారం పెట్టాక సగటు మ్యాచ్ సుమారు 24 నిమిషాలు తగ్గి రెండు గంటల నలభై నిమిషాలకు వచ్చిందని మాత్రం గుర్తుచేస్తాను.

కాబట్టి నా విన్నపం ఇది. ప్రవాస వార్తల పేజీలో నెలకు ఒక్కసారైనా పెద్దల లీగ్‌లలో ఆడుతున్న తెలుగువారి గురించి, జాతీయ పోటీలకు వెళ్లినవారి గురించి మాత్రమే కాకుండా స్థానిక లీగ్‌లో చివరి స్థానంలో నిలిచి మళ్లీ పేరు నమోదు చేసుకున్న జట్ల గురించి కూడా రాయించండి. బేస్‌బాల్ స్కోరు కార్డును ఎలా చదవాలో, సీజన్ మొదలయ్యే లోపు, క్రికెట్ తెలిసిన పాఠకులకు అర్థమయ్యేలా ఒక వ్యాసం ప్రచురించండి. చాలాచోట్ల వసంతకాలపు టెన్నిస్ లీగ్‌కు కెప్టెన్లు చలికాలంలోనే జట్లను కూర్చుకుంటారు, 2.5, 3.0 స్థాయిల్లో కొత్తవారి కోసం వెతుకుతూ ఉంటారు; కనుక లీగ్‌లో చేరే విధానం గురించిన సమాచారం జనవరి నాటికే మీ పాఠకులకు అందేలా చూడగలరని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సియాటిల్