వార్షిక నివేదిక: ఒంటరి ఒట్ల నుంచి ఒకరితో ఒకరు ఒప్పుకోవడం దాకా

ప్రియమైన సభ్యులకు ప్రభువు నామంలో వందనాలు.

వ్యసనాల నుంచి, మనల్ని మనమే నాశనం చేసుకునే అలవాట్ల నుంచి బయటపడాలని కలుసుకుంటున్న మన సహవాసం ఈ ఏడాది చేసిన పని గురించి కార్యవర్గం తరఫున ఈ నివేదిక ఇస్తున్నాను. ముందుగా ఒక వివరణ. ఎంతమంది విడుదల పొందారో అంకె ఇవ్వమని పోయిన సమావేశంలో కొందరు అడిగారు. దీని మీద కార్యవర్గంలో చాలాసేపు వాదన జరిగింది, చివరికి ఇవ్వకూడదనే తీర్మానించాం. లెక్కపెట్టడం మొదలైతే దాచడం కూడా మొదలవుతుంది. విడుదల పొందినవాళ్ల జాబితాలో పేరున్న మనిషి మళ్లీ పడిపోతే ఏం చేస్తాడు? ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడి కూడికకే రావడం మానేస్తాడు. మనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. కాబట్టి ఈ నివేదికలో ఆ అంకె కోసం వెతకవద్దు.

కూడికలు

వారం వారం కూడికలు ఆగకుండా సాగాయి. మొదట్లో తాగుడు మానాలనుకునేవాళ్లే ఎక్కువగా వచ్చేవారు. ఇప్పుడు జూదం, అశ్లీల చిత్రాలు, అదుపులేని కోపం, అప్పు చేసి మరీ ఖర్చుపెట్టే అలవాటు ఉన్నవాళ్లూ వస్తున్నారు. మంచి ఉద్యోగాన్నో మంచి సంబంధాన్నో కుదురుకునే సమయానికి తామే చెడగొట్టుకునే అలవాటు గురించి మాట్లాడినవాళ్లు కూడా ఉన్నారు. దానికి సీసా, వాసన ఉండవు కాబట్టి ఇంట్లోవాళ్లు సమస్యగా గుర్తించరు. "వాడి తీరే అంత" అని వదిలేస్తారు.

ఏడాదంతా రోమా పత్రిక 7, 8 అధ్యాయాలు కలిసి చదివాం. "ద్వేషించునదియే చేయుచున్నాను" అన్న పౌలు మాట దగ్గర ఆగిపోయి, కొన్ని కూడికలు ముందుకే కదల్లేదు. అందులో తప్పులేదు. ఏడో అధ్యాయంలో తమను చూసుకోనివాళ్లకు, ఎనిమిదో అధ్యాయం మొదట్లో వచ్చే "ఏ శిక్షావిధియు లేదు" అన్న మాట ఎంత పెద్దదో అర్థం కాదు. పడిపోయినవాడు తనను తానే శిక్షించుకుంటాడు. ఆ నొప్పి భరించలేక మళ్లీ అదే అలవాటు దగ్గరికి వెళతాడు. ఈ చక్రం తిరగడానికి ఇంధనం సిగ్గే. దేవుడు శిక్ష ఎత్తేశాడని నిజంగా నమ్మినవాడికి దాక్కోవలసిన పని ఉండదు. మన పనంతా నిలబడింది ఈ నమ్మకం మీదే.

మత్తయి సువార్త 12లో అపవిత్రాత్మ వదిలిపోయిన ఇంటి సంగతి కూడా చదివాం. ఇల్లు ఊడ్చి అమర్చి ఉంది, కానీ ఖాళీగా ఉంది. అందుకే పోయినది తనకంటే చెడ్డవైన ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. మానేయడం ఒక్కటే చాలదని దీనికంటే సూటిగా చెప్పిన మాట నాకు తెలియదు. సాయంత్రం ఏడు గంటలకు తాగడం మానేసినవాడికి ఆ సమయం ఇంకా ఖాళీగా మిగిలే ఉంటుంది.

జతలు

ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టినది, అందరూ ఎక్కువగా మాట్లాడుకున్నది జతల ఏర్పాటు, అంటే ఇద్దరేసి సభ్యులు ఒకరికొకరు తోడుగా ఉండడం. దీనికి ఆధారం యాకోబు 5:16. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని అక్కడ ఉంది. దేవుని దగ్గర ఒంటరిగా ఒప్పుకోవడం మనందరికీ అలవాటే. రాత్రి ఏడ్చి ఒట్టు పెట్టుకుంటాం, తెల్లారితే ఎవరికీ తెలియదు, సాయంత్రానికి ఒట్టు గట్టు మీద ఉంటుంది. స్వస్థత మాటను యాకోబు ఒకరితో ఒకరు ఒప్పుకోవడంతో కలిపి చెప్పాడు.

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి ఒక హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. బేరం చెడిపోయింది, పక్కనే బార్ ఉంది. అతను తాగడం మానేసి అప్పటికి కొన్ని నెలలే. ఆ సమయంలో అతను చర్చిలకు ఫోన్లు చేసి, తాను మాట్లాడగలిగే మరో తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని వెతికాడు. అలా పరిచయమైనవాడు డాక్టర్ బాబ్ స్మిత్. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా ఉండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసం ఆ ఇద్దరి మాటలతో మొదలైంది. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం నుంచి వాళ్లు చాలా నేర్చుకున్నారు, యాకోబు పత్రికను ఎంతో ఇష్టంగా చదివేవారు. వాళ్ల పన్నెండు మెట్లలో అయిదోది మన తప్పులను దేవునితో, మనతో మనం, మరో మనిషితో ఒప్పుకోవడం. ఆ మరో మనిషే లేకపోతే దేవునితో, మనతో మనం ఒప్పుకున్నామని నమ్ముకుంటూ ఏళ్లు గడిపేయవచ్చు.

మన జతల్లో పురుషులకు పురుషులు, స్త్రీలకు స్త్రీలు తోడు. భార్యాభర్తలను జతగా పెట్టడం లేదు. గాయపడిన మనిషికే కాపలా పని కూడా అప్పగించడం న్యాయం కాదు. పడిపోయాక కాకుండా శోధన మొదలైనప్పుడే ఫోన్ చేయాలి. విన్నవాళ్లు ప్రసంగం చేయకూడదు. "ఎక్కడున్నావు? పక్కన ఎవరైనా ఉన్నారా? చివరిసారి ఎప్పుడు తిన్నావు, నిద్రపోయావు?" అని అడగాలి. ఆ తర్వాతే ప్రార్థన.

దీంతో పాటు, పడిపోయే ముందు ఏం జరిగిందో చిన్న నోట్‌బుక్‌లో రాసుకోమని చెప్పాం. గొడవ తర్వాత, చేతికి డబ్బు వచ్చినప్పుడు, టెన్షన్‌లో ఉన్నప్పుడు పడతామని అందరూ ముందే ఊహించారు. అది నిజమే. ఊహించనిది ఏమిటంటే, చాలామంది మంచి జరిగిన రోజునే పడిపోయారు. ప్రమోషన్ వచ్చిన రోజు, ఇంట్లో మళ్లీ నమ్మకం కుదిరిన వారం. "నాకు ఇంత మంచి తగదు" అన్న లోపలి గొంతు అప్పుడే బాగా వినిపిస్తుందని వాళ్లే చెప్పారు. కృప గురించి ఏళ్లుగా విన్న మాట అక్కడ పనికి రావాలి.

అన్ని జతలూ నిలవలేదు. కొన్ని పోలీసు విచారణలా మారాయి, కొన్ని మొహమాటంతో చచ్చిపోయాయి. వాటిని విడదీసి కొత్తగా కలిపాం.

సాక్ష్యాల గురించి వివాదం

వేదిక మీద సాక్ష్యం ఎవరు చెప్పాలి అన్న విషయంలో సభ్యులు రెండుగా చీలారు. పూర్తిగా మారినవాళ్లే చెప్పాలని కొందరన్నారు. ఇంకా పోరాడుతున్నవాళ్లు చెబితేనే కొత్తగా వచ్చినవాళ్లకు ధైర్యమని మరికొందరన్నారు. నేను రెండో పక్షం. తొలినాటి సంఘపు గొప్ప బోధకుడు అగస్టీన్ కథలో మనం సాధారణంగా ఒక భాగమే చెబుతాం. 386లో మిలాన్‌లోని ఒక తోటలో రోమా 13వ అధ్యాయంలోని మాటలు చదివి ఆయన మారిపోయాడు. మనం చెప్పని భాగం ఇది: ఆ తోటలో ఆయన స్నేహితుడు అలీపియస్ కూడా ఉన్నాడు. అలీపియస్ ఆ తర్వాతి వచనం చదివి తనకే చెప్పిన మాటగా తీసుకున్నాడు. విశ్వాసం విషయంలో బలహీనుడిని చేర్చుకోమని చెప్పే వచనం అది.

"అమేజింగ్ గ్రేస్" పాట రాసిన జాన్ న్యూటన్ సంగతీ అంతే. 1748లో సముద్రపు తుపానులో దేవునికి మొరపెట్టి మారిన ఆ మనిషి, ఆ తర్వాత కూడా బానిసల ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. 1754లో సముద్రం వదిలాడు, అది కూడా అనారోగ్యం వల్ల. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా బహిరంగంగా రాసింది 1788లో. దేవుడు ఎంత ఓపిక పట్టాడో చూడండి అని ఒక సభ్యురాలు అంటే, ఆ లోపు ఓడల్లో ఉన్నవాళ్ల సంగతేమిటని ఇంకొకరు అడిగారు. రెండూ సరైన మాటలే. మన నెమ్మదికి మూల్యం ఇంట్లోవాళ్లు చెల్లిస్తుంటారని మరిచిపోకూడదు. చివరికి పోరాడుతున్నవాళ్లు కూడా చెప్పవచ్చని, అయితే చిన్న బృందంలోనే చెప్పాలని, ఎవరి మాటా రికార్డు చేయకూడదని ఒప్పందానికి వచ్చాం.

వైద్యుల సహాయం

ఈ విషయంలో రాజీ లేదు. ఎక్కువకాలం రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజుల తర్వాత మతి భ్రమించి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ప్రార్థన చేసి ఇంట్లో తలుపులేసి పడుకోబెట్టే పద్ధతిని మన సహవాసం ప్రోత్సహించదు. తనను తాను గాయపరచుకునేవాళ్లు, చావాలన్న ఆలోచనలు ఉన్నవాళ్లు కనిపిస్తే వాళ్లను ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం జత బాధ్యత. మందులు వాడటం విశ్వాసం తక్కువై కాదు.

నలభై రోజుల్లో అలవాటు పోతుందని హామీ ఇచ్చే ప్రచారాలను కూడా నమ్మవద్దు. కొత్త అలవాటు కుదరడం మీద లండన్ యూనివర్సిటీ కాలేజీలో జరిగిన ఒక అధ్యయనంలో సగటు 66 రోజులు తేలింది. కానీ మనిషిని బట్టి అది 18 నుంచి 254 దాకా మారింది. అదీ రోజూ కాస్త నడవడం వంటి చిన్న అలవాట్లకే.

జమాఖర్చులు, వచ్చే ఏడాది

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా చదువుతారు. ఎవరైనా రసీదులు చూడాలనుకుంటే సమావేశం తర్వాత చూడవచ్చు.

వచ్చే ఏడాది కుటుంబ సభ్యులకు వేరే కూడిక మొదలుపెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. వాళ్లు క్షమించాలని తొందరపెట్టడానికి కాదు, వాళ్ల కోపం చెప్పుకోవడానికి ఒక చోటు ఉండాలని. దాన్ని నడిపేవాళ్లు వ్యసనం నుంచి బయటపడుతున్నవాళ్లు కాకూడదన్నది మా అభిప్రాయం. దీని మీద సభ్యుల ఓటు కావాలి. జతల సమన్వయకర్తల ఇద్దరి పదవీకాలం కూడా ముగుస్తోంది, ఆసక్తి ఉన్నవాళ్లు సమావేశానికి ముందే కార్యదర్శికి పేర్లు ఇవ్వగలరు.